పటేల్‌గూడ చివరి ఇంట్లో ఓల్టేజీ

కరెంటు శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేశాను. అందులో ఆఖరి ఎండాకాలం దాకా ఓల్టేజీ అంటే ఏమిటో నాకు బాగా తెలుసనే అనుకున్నాను. ఆ ఎండాకాలంలో తెలియదని తేలింది. రిటైరై ఇంట్లో కూర్చున్న ఇప్పుడు తెలుసో తెలియదో కూడా గట్టిగా చెప్పలేకుండా ఉన్నాను.

ఈ మధ్య కొత్తగా ఏఈలుగా, అంటే అసిస్టెంట్ ఇంజనీర్లుగా, చేరిన ఇద్దరు పిల్లలు మా ఇంటికొచ్చి, "సార్, ఫీల్డులో పని ఎలా ఉంటుందో కాస్త చెప్పండి" అని అడిగారు. టీ ఇచ్చి గంటసేపు మాట్లాడి పంపించాను. వాళ్లు వెళ్లాక ఆలోచిస్తే నేను చెప్పినవన్నీ వాళ్ల పుస్తకాల్లో ఉన్నవే. చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదు. మాట్లాడుతుంటే నోరు దాటి రానిది రాస్తే వస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను.

ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి ఇందులో ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక బల్బు, ఒక ముసలమ్మ, ఒక ట్రాన్స్‌ఫార్మర్, నర్సింలు అనే మనిషి.

రాఘవరావు సార్ బల్బు

మా నాన్న గుంటూరు జిల్లా నుంచి పటాన్‌చెరు దగ్గరి పెద్ద ఫ్యాక్టరీలో పనికి వచ్చినవాడు. నేను పుట్టింది, పెరిగింది ఇక్కడే. అయినా పటాన్‌చెరులో మొదటి పోస్టింగు వచ్చినప్పుడు ఏదో పరాయి దేశం పోయినంత భయం వేసింది. ఆ భయానికి సగం కారణం మా మొదటి బాసు రాఘవరావు సార్.

ఆయన సంచిలో మీటరు ఉండేది కాదు. హోల్డరుకు బిగించిన వంద వాట్ల బల్బు ఒకటి ఉండేది. "ఓల్టేజీ లేదు" అని ఎవరు ఫిర్యాదు చేసినా నేరుగా ఆ లైనులో చివరి ఇంటికి వెళ్లి, ప్లగ్గులో బల్బు పెట్టి, దాని వెలుగు చూసి చెప్పేవారు. నేను కొత్త మీటరు పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడి, "ఇక్కడ బాగానే ఉంది సార్" అంటే మండిపడేవారు.

"ఇక్కడ ఎవరైనా కాపురం ఉంటున్నారా? ట్రాన్స్‌ఫార్మర్ మీద వంట చేసుకుంటున్నారా? మీటరు ఎక్కడ పెడితే అక్కడి సంగతే చెబుతుంది మూర్తీ. ముందు చివరి ఇంటికి పో."

ఆయనకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. కాగితాలు చూసేవారు కాదు, దానివల్ల మేము చాలాసార్లు ఇరుక్కున్నాం. కానీ ఈ ఒక్క మాట మాత్రం సరైనదే. దాన్ని నేను ముప్పై ఏళ్లకు పైగా అందరికీ చెప్పాను. తీరా అవసరం వచ్చినప్పుడు నేనే మర్చిపోయాను.

హత్నూర ముసలమ్మ

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంటికి రావలసింది దాదాపు రెండొందల నలభై ఓల్టులు. కొంచెం అటూ ఇటూ అయినా పరవాలేదు. మరీ తగ్గితే ఫ్యాను తిరగదు, మోటారు కాలుతుంది. మరీ పెరిగితే టీవీలు, బల్బులు పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ట్యాపు అని ఒక మీట ఉంటుంది. కరెంటు ఆపి దాన్ని ఒక మెట్టు తిప్పితే దాని కింద ఉన్న అన్ని ఇళ్లకూ ఐదారు ఓల్టులు పెరుగుతాయి. ఇంకోవైపు తిప్పితే తగ్గుతాయి. అందరికీ కలిపే పెరుగుతాయి, కలిపే తగ్గుతాయి.

నేను హత్నూరలో పనిచేసినప్పుడు, ఊరికీ బోర్లకీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రోజులవి. ఎండాకాలం బోర్లన్నీ ఒకేసారి నడిచేవి, ఊళ్లో దీపాలు ఎర్రగా మిణుకుమనేవి. నేను ట్యాపును పైదాకా తిప్పాను. ఊరంతా మెచ్చుకున్నారు, సర్పంచి ఇంట్లో భోజనం కూడా పెట్టారు. తర్వాత వానలు పడ్డాయి. బోర్లు ఆగిపోయాయి. ట్యాపు మాత్రం పైనే ఉంది, నాకు గుర్తే లేదు.

ఒకరోజు ఒక ముసలమ్మ బస్సు దిగి, చీర కొంగులో నాలుగు మాడిపోయిన బల్బులు మూట కట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. బల్బులు నా టేబుల్ మీద పెట్టింది.

"ఓ సారూ, నీ కరెంటు మస్తు ఎక్కువైంది. మొన్నటిదాంక లేదని ఏడిస్తిమి, ఇప్పుడు ఎక్కువైందని ఏడుస్తున్నం. నడుమ రకంగ ఇయ్యరాదా బిడ్డా?"

ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మధ్యాహ్నం వెళ్లి ట్యాపు దింపాను. నడుమ రకంగా ఇవ్వడమే నా ఉద్యోగమనీ, అది ఒక్కసారి తిప్పి వదిలేసేది కాదనీ ఆ రోజే నాకు అర్థమైంది. అంతా అర్థమైందనే అనుకున్నాను కూడా.

నేనిచ్చిన సలహా

తర్వాత కొన్నేళ్లకు పటేల్‌గూడ వైపు ఏఈగా వేశారు. అక్కడ ఒక కాలనీ ఉంది. ఎక్కువమంది మా నాన్నలాగే ఫ్యాక్టరీ ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడినవాళ్లు. ఆ లైనులో చివరి ఇల్లు సత్యవతి టీచర్‌గారిది. స్కూల్లో లెక్కలు చెప్పేవారు. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోను చేసేవారు.

"మూర్తిగారూ, నూట డెబ్భై ఉందండి. ఫ్రిజ్జు మూలుగుతోంది. ఏమన్నా చేస్తారా, లేక రోజూ ఇలా ఫోను చేసి చెప్పడమే నా పనా?"

నిజం చెప్పాలంటే విసుగొచ్చింది. చేయాల్సింది ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. దానికి కాగితం కదలాలి. ఆలోగా ఏం చేయాలా అని, నాకు నేనే మెరుపులాంటి ఆలోచన అనుకుని ఒక సలహా ఇచ్చాను. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు తీగెలు వస్తాయి, మూడు ఫేజులు. ఎరుపు, పసుపు, నీలం అంటాం. మామూలు ఇంటికి ఒక్కటే ఇస్తాం. "మీరు మూడు ఫేజుల కనెక్షన్ తీసుకోండి టీచర్‌గారూ. గోడ మీద ఛేంజోవర్ మీట పెట్టించుకోండి. ఏ ఫేజులో బాగుంటే దానికి తిప్పుకోండి. నాకు ఫోను చేయనక్కరలేదు" అన్నాను.

టీచర్‌గారు ఆ నెలలోనే పెట్టించుకున్నారు. ఫోన్లు ఆగిపోయాయి. ఆవిడ ఇంట్లో చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు పెట్టించుకున్నారు. కొన్నాళ్లకు ఆ కాలనీలో కొత్త ఇల్లు కడితే దేవుడి గూడుకు ఎక్కడ చోటు వదలాలో, ఛేంజోవర్‌కు ఎక్కడ చోటు వదలాలో మేస్త్రీకి ముందే చెప్పేవారు. నేను నా తెలివికి మురిసిపోయి బదిలీ మీద వెళ్లిపోయాను.

"ఏదో ఒకటి చెయ్యి"

రిటైర్మెంటుకు ఇంకొన్ని నెలలు ఉందనగా ఏడీఈగా, అంటే ఏఈల మీద అధికారిగా, మళ్లీ అటే వచ్చాను. అప్పటికి ఆ కాలనీలో ఇంటింటికీ ఏసీ వచ్చేసింది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చి పెద్దది పెట్టారు. కాలనీ చూసుకునేది నర్సింలు. పక్క ఊరివాడు, యాభై దాటాయి. పందొమ్మిదేళ్లు కాంట్రాక్టు మీద స్తంభాలెక్కాక ఆర్టిజన్ అనే హోదా ఇచ్చారు, అంటే సగం పర్మనెంటు. అతని భార్య ఫార్మా కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతుంది. ఈ ఉద్యోగం పోతే ఆ వయసులో అతను కూడా అదే కంపెనీ గేటు ముందు రోజుకూలీల వరసలో నిలబడాలి. ఈ విషయం నాకు తెలుసు. మీరు కూడా గుర్తు పెట్టుకోండి.

ఆ ఎండాకాలంలో సాయంత్రాలు ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు పోవడం మొదలైంది. ఒకరోజు ఏడింటికి నర్సింలు ఫోను చేశాడు.

"సార్, ఫ్యూజు నిలుస్తలేదు. గిప్పటికి మూడుసార్లు ఏసిన. జనం నా మీదికి ఒస్తున్నరు. లావు తీగె ఎయ్యాల్నా?"

ఫ్యూజు తీగె సన్నగా ఉండేది ఎందుకంటే, భారం ఎక్కువైనప్పుడు అది తెగిపోయి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడాలి. దాని బదులు లావు తీగె వేస్తే అది తెగదు, ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. ఇది మొదటి సంవత్సరం పాఠం. నేను వేయమనలేదు. వద్దని కూడా అనలేదు.

"ఏదో ఒకటి చెయ్యి నర్సింలూ. ముందు లైట్లు రావాలి" అన్నాను.

మా శాఖలో ఈ మాట నేను కనిపెట్టింది కాదు. నా బాసులు నాతో అన్నారు, నేను నా కిందివాళ్లతో అన్నాను. ఇది ఆర్డరే, కానీ దాని కింద సంతకం ఉండదు. పని అయితే అధికారి సమర్థుడు, చెడితే కిందివాడిది తప్పు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు, ఒక్కసారి కూడా తప్పనిపించలేదు.

పది రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఇంకోటి పెట్టాం. మూడు వారాలకు అదీ కాలిపోయింది. రెండింటిలోనూ ఫ్యూజు బదులు లావు అల్యూమినియం తీగె దొరికింది.

విచారణ

నా పై అధికారి డీఈగారు చెడ్డవాడు కాదు. కానీ ఒకే చోట రెండు ట్రాన్స్‌ఫార్మర్లు పోతే పైవాళ్లకు ఒక పేరు చెప్పాలి. సంగారెడ్డిలో ఆయన గదికి మమ్మల్నిద్దరినీ పిలిచారు. నేను కుర్చీలో, నర్సింలు నిలబడి. టేబుల్ మీద ప్లాస్టిక్ కవర్లో ఆ తీగె ముక్క ఉంది. గోడ మీద ఏసీ స్టెబిలైజరు, దాని మీద ఓల్టేజీ చూపించే ముల్లు.

"ఇది వేసింది నువ్వేనా?"

"నేనే సార్."

డీఈగారు నా వైపు తిరిగారు. "మీకు తెలుసా మూర్తిగారూ?"

నేను నోరు తెరిచేలోపే నర్సింలు అన్నాడు. "సారుకు తెల్వద్సార్. నేనే ఏసిన."

డీఈగారు కాగితం మీద రాసుకున్నారు. నేను మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో ఇప్పటికీ సరిగా చెప్పలేను. భయం అనవచ్చు, పెన్షను అనవచ్చు. కానీ ఆ క్షణంలో అవేవీ తోచలేదు. ఎవరో నా తరఫున జవాబు చెప్పేశారు, ఇక నా వంతు అయిపోయింది, అంతే అనిపించింది. సిగ్గుగా ఉంది ఇది రాస్తుంటే.

మర్నాటి నుంచి నర్సింలును డ్యూటీలోంచి తప్పించారు. పూర్తిగా తీసేయాలా వద్దా అన్నది నివేదిక వచ్చాక తేలుస్తారు. ఆ నివేదిక రాయాల్సింది నేనే.

నా వెతుకులాట

అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. లావు తీగె ఉన్నా సరే, మామూలు భారానికి అంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కాలకూడదు. అసలు జబ్బు ఇంకేదో ఉంది. అది కనిపెట్టి నివేదికలో రాస్తే నర్సింలు బయటపడతాడు, నేను ఫోనులో అన్న మాట బయటికి రానక్కరలేదు. ఇద్దరం బాగుపడతాం.

మూడో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించి, రోజూ సాయంత్రం దాని దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మొదటి రోజు ఆరున్నరకు చూస్తే భారమంతా ఎరుపు ఫేజు మీదే. సరే, ఎరుపు మీద ఇళ్లు ఎక్కువున్నాయి, కొన్నింటిని పసుపుకు మార్చాలి అని రాసుకున్నాను. ఏడింటికి చూస్తే ఎరుపు ఖాళీ, పసుపు మీద మొత్తం. అరగంటలో పసుపు పడిపోయి నీలం నిండింది. మర్నాడు నీలంతో మొదలై ఎరుపుకు వచ్చింది. కాగితం మీద అంకెలు రాస్తున్నాను కానీ అవి దేనికీ పొసగడం లేదు. ఎక్కిన ఫేజులో ఓల్టేజీ నూట అరవైకి పడిపోతోంది, ఖాళీ అయిన వాటిలో రెండొందల అరవై దాకా లేస్తోంది. తల తిరిగిపోయింది. ఇంజనీరింగు చదివినవాణ్ని కాబట్టి దయ్యం అనుకోలేదు గానీ, దయ్యం అయినా ఇంతకంటే పద్ధతిగా ఉంటుందనిపించింది.

కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగె వదులైందేమో అనుకున్నాను. మొత్తం మార్పించాను. తేడా లేదు. పారిశ్రామికవాడలో ఉన్న ఉక్కు ఫర్నేసు మీద అనుమానం వచ్చింది. వెళ్లి అక్కడి మేనేజరును పట్టుకుని, మీవల్ల జనం చస్తున్నారని అరిచాను. ఆయన నా అరుపులు పూర్తయ్యేదాకా ఆగి, "సాబ్, ఫర్నేస్ తో పందరా దిన్ సే బంద్ హై" అని, పదిహేను రోజులుగా మూతపడి తాళం వేసి ఉన్న షెడ్డు చూపించాడు. టీ కూడా ఇచ్చాడు. తాగలేక తాగాను.

తర్వాత ఇళ్ల మీద పెట్టిన సోలార్ పలకల మీద పడ్డాను. నర్సింలు డ్యూటీలో లేకపోయినా రోజూ సాయంత్రం వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న కంచె బయట నిలబడేవాడు. లోపలికి రాకూడదని అతనికి తెలుసు, నేను రమ్మనలేదు. మీటరు డబ్బా రోడ్డు వైపుకు ఉంటుంది కాబట్టి అద్దంలోంచి అంకెలు చదివి చెప్పేవాడు.

"సోలారే అయ్యుంటుంది నర్సింలూ" అన్నాను.

అతను ఆకాశం వంక చూశాడు. "పొద్దు గూకింది గద సార్. ఇగ సోలారు ఏంజేస్తది?"

నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు. అతను అక్కడ నిలబడి ఉన్నందుకు.

చివరి ఇల్లు

ఐదో రోజు నిలబడి నిలబడి కాళ్లు పీకుతుంటే ఒక్కసారిగా రాఘవరావు సార్ గొంతు చెవిలో పడ్డట్టయింది. ఇన్ని రోజులూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఉన్నాను. చివరి ఇంటికి ఒక్కసారీ పోలేదు. నర్సింలును మీటరు చూస్తుండమని చెప్పి టీచర్‌గారి ఇంటికి వెళ్లాను.

ఆవిడ రిటైరై చాలా కాలమైంది. జుట్టంతా నెరిసినా గొంతు మాత్రం క్లాసులో గొంతే. "రండి మూర్తిగారూ! ఎన్నాళ్లకెన్నాళ్లకు! కూర్చోండి, టీ పెడతాను" అన్నారు. హాల్లో గోడకు ఛేంజోవర్, దాని పక్కన మూడు ఎర్ర అంకెల మీటర్లు వరసగా బిగించి ఉన్నాయి. మూడు ఫేజులకూ ఒక్కొక్కటి. పక్కన నోటుపుస్తకం, పెన్ను.

మాట్లాడుతూనే ఆవిడ లేచి మీటర్లు చూశారు. నోటుపుస్తకంలో ఏదో రాశారు. ఫోను తీసి ఏదో టైపు చేశారు. తర్వాత మీట తిప్పారు, టక్కుమంది. పక్కింటి గోడ అవతల నుంచి ఇంకో టక్కు వినిపించింది. వీధి అవతల ఒక ఇంట్లో దీపం ఒక్కసారి ఆరి వెలిగింది. దాని పక్క ఇంట్లో, ఆ పక్క ఇంట్లో కూడా.

"ఏం చేశారు టీచర్‌గారూ?"

"మన కాలనీ వాట్సాప్ గ్రూపండీ. ఈ సంవత్సరమే పెట్టాను. పాపం అందరికీ మీటర్లు లేవు కదా. ఏ ఫేజు బాగుందో అరగంటకోసారి చూసి పెడుతుంటాను. ఇప్పుడు బ్లూ బాగుంది. రెండొందల యాభై దాకా ఉంది."

నర్సింలుకు ఫోను చేశాను. "ఇప్పుడు ఎట్లుంది?"

"నీలం ఎక్కింది సార్! గిప్పుడే, గీ నిమిషంలనే! పసుపు మొత్తం ఖాళీ!"

నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. పది నిమిషాలాగి, "టీచర్‌గారూ, రెడ్డు బాగుందని ఒకసారి పెట్టండి" అన్నాను. ఆవిడ మీటరు చూసి, "అవునండీ, నిజంగానే రెడ్డు బాగుంది" అంటూ పెట్టారు. టక్కు, టక్కు, టక్కు. ఫోనులో నర్సింలు కేక. "ఎరుపు సార్! ఏందిది సార్, మాయనా?"

పెళ్లి భోజనాల దగ్గర మూడు పంక్తులుంటాయి. వడ్డన చురుగ్గా ఉన్న పంక్తిలోకి అందరూ ఒకేసారి లేచి పరిగెత్తితే ఆ పంక్తిలో విస్తరి దొరకదు, మిగతా రెండూ ఖాళీ. వెంటనే ఖాళీ పంక్తిలో వడ్డన బాగుందని ఎవరో అరుస్తారు. మళ్లీ అందరూ అటు పరుగు. ఎవరికి వారు విడివిడిగా తిప్పుకున్నన్నాళ్లూ పెద్దగా నష్టం లేదు. అందరూ కలిసి ఒక్కమాట మీద తిప్పడం మొదలుపెట్టాక కాలనీ మొత్తం భారం ఒక్క ఫేజు మీద పడింది. సన్న ఫ్యూజు ఉంటే తెగేది. లావు తీగె తెగలేదు.

నాకు నవ్వొచ్చింది. పెద్దగా నవ్వాను. నర్సింలు బయటపడ్డట్టే అనుకున్నాను.

"ఇలా తిప్పకూడదండీ టీచర్‌గారూ. దీనివల్లే రెండు ట్రాన్స్‌ఫార్మర్లు పోయాయి."

ఆవిడ ముఖం పాలిపోయింది. "అయ్యో! నేను అందరికీ మేలు చేస్తున్నాననుకున్నానే. మీరే కదండీ నేర్పింది! ఏది బాగుంటే దానికి తిప్పుకోమన్నారు కదా. మొదట్లో గ్రూపులో మీ పేరు కూడా రాశాను, ఇది మూర్తిగారి పద్ధతి అని."

ఫోను నా చేతిలో పెట్టి చూపించారు. అవును, నా పేరే. నా నవ్వు ఎక్కడ ఆగిందో నాకే తెలియలేదు. అసలు జబ్బు కనిపెడితే నా మాట బయటికి రాదనుకున్నాను. కనిపెట్టాక చూస్తే ఆ జబ్బూ నేనే, ఆ తీగే నేనే.

ఉత్తరం

ఆ వారంలోనే ఇంటింటికీ ఒక ఫేజు ఖాయం చేసి మీటలు తీయించాం. గ్రూపులో టీచర్‌గారు అందరికీ క్షమాపణ చెప్పారు. కొందరు ఆవిడను నానా మాటలూ అన్నారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

నివేదిక రాశాను. దానితో పాటు ఒక ఉత్తరం కూడా రాశాను. మీటల సలహా నాదేననీ, లావు తీగె సంగతి నాకు ముందే తెలుసుననీ, ఫోనులో నేను అన్న మాట ఇదీ అనీ. రాసింది ఒక్క పేజీ. దాన్ని నాలుగు రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. నాలుగో రోజు చెమటకు మడతలు చిరుగుతుంటే మళ్లీ తిరగరాసి డీఈగారికి ఇచ్చాను.

ఆయన చదివి, కళ్లజోడు తీసి, "రెండు నెలల్లో పోతున్నారు. ఇప్పుడిది ఎందుకండీ?" అన్నారు. ఉంచుకోండి అని వచ్చేశాను.

ఐదు వారాలకు నర్సింలును మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. నాకు ఒక మందలింపు కాగితం వచ్చింది. నర్సింలు తిరిగొచ్చింది నా ఉత్తరం వల్లనా, టీచర్‌గారు కాలనీ అంతా తిరిగి సంతకాలు పెట్టించిన అర్జీ వల్లనా, లేక స్తంభాలెక్కేవాళ్లు సరిపడా లేకపోవడం వల్లనా నాకు తెలియదు. డీఈగారిని అడగలేదు. నా ఉత్తరం వల్ల కాదంటారేమోనని అడగలేదు.

కొత్తగా చేరినవాళ్లకు ఇక్కడ నీతి చెప్పాలి కాబోలు. నాకు వచ్చినవి రెండే. మీటరును చివరి ఇంట్లో పెట్టండి. కిందివాడు ఏదైనా అడిగితే చెయ్యి అనండి, లేదా వద్దు అనండి, అన్నది రిజిస్టరులో రాయండి. మిగతావి మీ పుస్తకాల్లో ఉన్నాయి.

జెరసేపు

నర్సింలు డ్యూటీలోకి వచ్చిన మొదటి రోజు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లాను. కంచె లోపల ఉన్నాడు. సన్న ఫ్యూజు తీగెను కొలిచి కత్తిరిస్తున్నాడు. మూడు ఫేజులూ సమానంగా ఉన్నాయి. టీచర్‌గారింట్లో రెండొందల ఇరవై రెండు. చాలా మామూలు సాయంత్రం.

అడగకుండా ఉండలేకపోయాను. "ఆ రోజు డీఈగారి ముందు, సారుకు తెల్వదు అని ఎందుకన్నావు నర్సింలూ?"

అతను పని ఆపలేదు. ఇంకో తీగె ముక్క కత్తిరించి, తప్పు పట్టినట్టు కాకుండా, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టుగా అన్నాడు.

"ఏమో సార్, నోట్లకెళ్లి ఒచ్చింది. అన్నంక, మీరు కాదంటరేమో అని జెరసేపు మీ దిక్కు చూసిన."

ఆ జెరసేపు నాకు బాగా గుర్తుంది. నేను అతని వైపు చూడలేదు. గోడ మీది స్టెబిలైజరు ముల్లును చూస్తున్నాను. రెండొందల ముప్పై చూపిస్తోంది.